కృష్ణా డెల్టాలో ధర్మనిధుల వృత్తివిద్య

'''ధర్మనిధుల వృత్తివిద్య''' అనగా పేద పిల్లలకు, అనాథలకు దాతలు ఇచ్చిన సొమ్ముతో ఏదైనా ఒక చేతిపని నేర్పించి, పెద్దయిన తరువాత ఆ పనితో వారు జీవనం సాగించేటట్లు చేసే ఏర్పాటు. విక్టోరియా రాణి కాలపు (1837–1901) ఇంగ్లండులో ఇది గ్రామీణ పారిష్‌ల ద్వారా జరిగేది. పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు; పేదల పోషణ భారం కూడా చాలాకాలం దానిపైనే ఉండేది. ఇదే ఆలోచన 1850లో ఒక చట్టం రూపంలో భారతదేశానికి వచ్చింది. దిగువ కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో పని నేర్చుకొనే పద్ధతులు ఇంగ్లండు పద్ధతికి పూర్తిగా భిన్నమైనవి. అందువలన ఇక్కడ దాతల సొమ్ము పనివాడి ఇంటికి కాక పాఠశాలకు చేరింది. అటువంటి ప్రయత్నాలలో ముఖ్యమైనది 1910లో మచిలీపట్నంలో ప్రారంభమైన ఆంధ్ర జాతీయ కళాశాల.

== ఇంగ్లండులోని పద్ధతి ==

ఇంగ్లండులో 1563 నాటి చట్టం ప్రకారం వృత్తి చేయదలచినవాడు ఏడేళ్ళు ఒక యజమాని వద్ద శిష్యరికం చేయవలసి ఉండేది. 1601 నాటి పేదల చట్టం, పోషించేవారు లేని పిల్లలను ఇతరుల వద్ద పనికి ఒప్పగించే అధికారాన్ని పారిష్ అధికారులకు ఇచ్చింది. మగపిల్లలను 24 ఏళ్ళ వరకు, ఆడపిల్లలను 21 ఏళ్ళు వచ్చేవరకు లేదా పెళ్ళి అయ్యేవరకు అలా కట్టివేయవచ్చు. 1778లో మగపిల్లల గడువును కూడా 21 ఏళ్ళకు తగ్గించారు.

ఇక్కడ రెండు రకాల పిల్లలను వేరుగా గుర్తించాలి. మొదటి రకం పారిష్ అధికారులు పంపించిన పిల్లలు. వీరిని పంపడంలో పని నేర్పించాలన్న కోరిక కంటె భారం దించుకోవాలన్న కోరికే ఎక్కువగా కనిపిస్తుంది. పొరుగు పారిష్‌లో శిష్యుడుగా చేరి అక్కడ నలభై రోజులు నివసించిన పిల్లవాడు ఆ పారిష్‌కు చెందినవాడవుతాడు. ఆ తరువాత వాడు పేదవాడైతే పోషించవలసిన బాధ్యత కూడా ఆ పారిష్‌దే. ఈ వెసులుబాటు వలన ఎందరో పిల్లలు పొలం పనులకు, ఇంటి చాకిరికి, నూలు మిల్లులకు తరలిపోయారు. మిల్లులలోని అటువంటి పిల్లల ఆరోగ్యం కోసమే 1802లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చింది. ఛార్లెస్ డికెన్స్ నవల ''ఆలివర్ ట్విస్ట్''లో (1837–39) అనాథ బాలుని తీసుకుపోయేవారికి ఐదు పౌండ్లు ఇస్తామని ప్రకటిస్తారు. అది రచయిత హాస్యానికి కల్పించిన విషయం కాదు, ఆనాటి వాడుకే.

రెండవ రకం ధర్మనిధుల పిల్లలు. ఎవరో ఒక సంపన్నుడు తన వీలునామాలో కొంత భూమినో సొమ్మునో రాసిపెట్టి, దానిపై వచ్చే ఆదాయంతో ఏటా ఊరిలోని పేద పిల్లలను కొందరిని వృత్తిలో పెట్టమని కోరేవాడు. ఊరి మతగురువు, చర్చి పెద్దలు ధర్మకర్తలుగా ఉండి పిల్లలను ఎంపిక చేసేవారు. వడ్రంగి, కమ్మరి, చెప్పులు కుట్టేవాడు, దర్జీ వంటి యజమానికి ప్రవేశ రుసుము చెల్లించేవారు. యజమాని పిల్లవానికి తిండి, బస కల్పించి పని నేర్పాలి. పిల్లవాడు గడువు తీరేవరకు జీతం అడగకుండా పని చేయాలి. ఒప్పందాన్ని ఒకే కాగితంపై రెండు ప్రతులుగా రాసి, మధ్యలో రంపపు పళ్ళ వలె వంకరగా కోసి చెరొకటి ఇచ్చేవారు. తగవు వచ్చినపుడు రెండు ముక్కలను జతచేసి చూస్తే అసలు పత్రమేదో తెలిసిపోయేది.

రుసుమంతా ముందే పుచ్చుకొని, కొద్ది నెలలకే పిల్లవాడిని తరిమివేసే యజమానులు ఉండేవారు. అందుకని కొన్ని ధర్మసంస్థలు సగం ముందు, సగం కొంతకాలం గడచిన తరువాత చెల్లించే జాగ్రత్త తీసుకొన్నాయి. ఆడపిల్లలకు ఈ నిధుల వలన కలిగిన ప్రయోజనం తక్కువ. వారిని చాలావరకు కుట్టుపనికో ఇంటిపనికో పంపేవారు.

పత్తి మిల్లులు, యంత్రాలు పెరిగిన కొద్దీ ఏడేళ్ళ శిష్యరికానికి విలువ తగ్గింది. తప్పనిసరి శిష్యరికం నిబంధనలు 1814లోనే రద్దయ్యాయి. 1869 నాటి విద్యాధర్మనిధుల చట్టం, శిష్యరికపు రుసుముల కోసం ఏర్పడిన పాత నిధులను ధర్మకర్తల అంగీకారంతో పాఠశాలలకు మళ్ళించడానికి వీలు కల్పించింది. అంటే ఇంగ్లండులో కూడా ఆ సొమ్ము క్రమంగా పనివాని కొట్టు నుండి బడికి నడిచింది.

== 1850 నాటి శిష్యరికపు చట్టం ==

ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 1850లో చేసిన 19వ చట్టం పై పద్ధతికి భారతదేశంలోని రూపం. అనాథలు, ప్రజల ధర్మంపై పెరుగుతున్న పేద పిల్లలు ఒక వృత్తి నేర్చుకొని, వయసు వచ్చాక బ్రతుకుతెరువు సంపాదించుకొనేటట్లు చేయడమే తన ఉద్దేశమని ఆ చట్టం పీఠికలోనే చెప్పుకొన్నది. పదేళ్ళు దాటి పద్ధెనిమిది ఏళ్ళు నిండని పిల్లలను తండ్రి గాని సంరక్షకుడు గాని ఏడేళ్ళకు మించకుండా ఒక యజమాని వద్ద పనికి ఒప్పగించవచ్చు. ఆ గడువు 21 ఏళ్ళ వయసును దాటకూడదు. ఆడపిల్లల విషయంలో పెళ్ళితో ముగిసిపోవాలి. దిక్కులేని పిల్లల తరఫున, చిల్లర నేరాలకు, దేశదిమ్మరితనానికి శిక్షపడిన పిల్లల తరఫున మేజిస్ట్రేటే సంరక్షకుడుగా వ్యవహరించవచ్చు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి.

అనాథను, చిల్లర దొంగను ఒకే వాక్యంలో చేర్చడం ఆనాటి పాలకుల దృష్టిని తెలుపుతుంది. పని నేర్పడం వారికి విద్యతో పాటు అదుపు కూడా. తరువాత వచ్చిన బాలనేరస్థుల పాఠశాలల చట్టాలలో (1876, 1897) ఈ రెండవ భావమే మరింత స్పష్టమైనది.

ఇదే 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే సైనిక వైద్యుడు సొంత ఖర్చుతో ఒక కళాపాఠశాలను ప్రారంభించాడు. మరుసటి ఏడాది దానికి పరిశ్రమల విభాగం చేరింది. 1855లో ప్రభుత్వం దానిని తన ఆధీనంలోకి తీసుకొన్నది. అప్పటికి మచిలీపట్నం మద్రాసు రాజధానిలో ఒక జిల్లా కేంద్రం. 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాల భాగాలతో కృష్ణా జిల్లా ఏర్పడినపుడు కూడా బందరే కేంద్రంగా నిలిచింది.

== డెల్టాలో పని నేర్చుకొనే తీరు ==

పైచట్టం ఒక విషయాన్ని ముందే ఊహించుకొన్నది: ఊరిలో ఎవరి బిడ్డనైనా రుసుము పుచ్చుకొని చేర్చుకొనే పనివాడు ఉంటాడని. డెల్టా గ్రామాలలో అటువంటి పనివాడు సాధారణంగా ఉండడు. కమ్మరి, వడ్రంగి, కంచరి, కంసాలి, శిల్పి అనే పంచవృత్తుల వారి పిల్లలు తండ్రి వద్దో మేనమామ వద్దో పని నేర్చుకొనేవారు. సాలెవారి ఇంట పుట్టిన బిడ్డ మాటలు వచ్చేనాటికే మగ్గం చప్పుడుకు అలవాటుపడి ఉంటుంది. కండె చుట్టడం ఆటగా మొదలై పనిగా మారుతుంది. దీనికి ఒప్పందపత్రం లేదు, రుసుము లేదు, గడువు కూడా లేదు.

మచిలీపట్నం, పెడన ప్రాంతాల అద్దకపు పని దీనికి మంచి ఉదాహరణ. డచ్చివారు 1605లోనూ, ఇంగ్లీషువారు 1611లోనూ బందరులో వర్తక స్థావరాలు ఏర్పరచుకోవడానికి కోస్తాలోని నూలు వస్త్రాలు, ముఖ్యంగా రంగుల అద్దకాలు పెద్ద కారణం. బందరు కలంకారీలో చెక్కిన కొయ్య అచ్చులతో గుడ్డపై అద్దుతారు (శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, రెండూ వేర్వేరు సంప్రదాయాలు). గుడ్డను ఉతికి, కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలను బెల్లంతో పులియబెట్టిన నీరు కరక్కాయతో కలిసి నలుపు ఇస్తుంది. పటిక అద్దినచోట చిరివేరు వంటి వేళ్ళ రంగు పట్టుకొని ఎరుపు తేలుతుంది. పటిక లేనిచోట ఆ ఎరుపు నిలువదు. తరువాత పారే నీటిలో జాడించాలి. కాలువ నీరు, ఎండ, పులిసిన పదార్థపు వాసన, వీటిని చూసి ఎప్పుడు ఏది చేయాలో నిర్ణయించడం పుస్తకంలో రాసి ఇచ్చే విషయం కాదు. అది పక్కన కూర్చుని చాలా ఏళ్ళు చూస్తే వచ్చే విద్య.

ఈ ఏర్పాటులో పని నాణ్యత తరతరాలకు నిలిచింది. కాని ఇంట్లో వృత్తి లేని బిడ్డకు ఇందులో ప్రవేశం లేదు. వ్యవసాయ కూలీల పిల్లలు, ముఖ్యంగా అంటరానివారుగా చూడబడిన కులాల పిల్లలు, చిన్ననాడే పశువుల కాపరులుగా, పాలేళ్ళుగా వెళ్ళేవారు. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చిన తరువాత గుడివాడ చుట్టుపక్కల, దివిసీమలో వరి సాగు విస్తరించింది. వరి పెరిగినచోట పొలం పనికి మనుషుల అవసరమూ పెరుగుతుంది.

ఇక్కడ ఒక విపర్యయం గమనింపదగినది. ఇంగ్లండులో ధర్మసంస్థ యజమానికి సొమ్ము ఇచ్చి పిల్లవాడికి పని నేర్పమనేది. మన గ్రామాలలో ఆసామి తండ్రికి బదులు ఇచ్చి పిల్లవాడిని పనికి పెట్టుకొనేవాడు. మొదటిదానిలో గడువు తీరాక పిల్లవాడి చేతిలో ఒక పని ఉంటుంది. రెండవదానిలో బాకీ మిగులుతుంది. పిల్లల శ్రమను ఇలా తాకట్టు పెట్టడాన్ని నిషేధిస్తూ 1933లో చట్టం వచ్చింది. పెద్దల వెట్టిని కూడా కలిపి రద్దు చేసిన చట్టం 1976 వరకు రాలేదు.

యంత్రాలపై నేసిన విదేశీ గుడ్డ రావడంతో పందొమ్మిదవ శతాబ్దంలో నేతగాళ్ళ, అద్దకందారుల ఆదాయం కూడా క్షీణించింది. 1832–33 నాటి నందన కరువు (దీనినే డొక్కల కరువు అంటారు), 1864 నవంబరు 1న సుమారు ముప్పైవేలమందిని బలిగొన్న బందరు ఉప్పెన ఎందరో పిల్లలను దిక్కులేనివారిని చేశాయి. తల్లిదండ్రులు పోయినపుడు వృత్తికుటుంబాలలోని పిల్లలు తమ బడిని కూడా పోగొట్టుకొంటారు.

== మిషను పాఠశాలలు ==

విదేశీ దాతల సొమ్ముతో నడిచిన సంస్థలలో చర్చి మిషనరీ సొసైటీ ముందుగా వచ్చింది. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. 1843లో నోబుల్ స్థాపించిన పాఠశాల తరువాత నోబుల్ కళాశాల అయినది. ఆయన ప్రధానంగా అగ్రవర్ణాల బాలురను ఆకర్షించదలచాడు. అక్కడ నేర్పినవి ఇంగ్లీషు, గణితం, బైబిలు మొదలైనవే గాని చేతిపనులు కావు. అక్కడి చదువు ప్రభుత్వ ఉద్యోగాలకు, న్యాయవాద వృత్తికి దారితీసింది.

చేతిపనిని మిషనులు నేర్పిన ఉదాహరణ కోసం కొంచెం ఉత్తరానికి, గోదావరి పాయపై ఉన్న నరసాపురానికి వెళ్ళాలి. అక్కడ 1844 ప్రాంతంలో మాక్రే దంపతులు పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని ప్రతీతి. ఆ పని కాలక్రమంలో ఎగుమతి పరిశ్రమగా ఎదిగింది. జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అప్పటికి లేసు అల్లేవారిలో అధికులు కాపు కులపు గృహిణులు. రోజంతా అల్లినా వారిని పనివారుగా ఎవరూ లెక్కించేవారు కారు. ఖాళీ సమయంలో చేసే కాలక్షేపంగా భావించి అతి తక్కువ కూలి ఇచ్చేవారు. ధర్మంగా నేర్పిన పని, సరకును కొనేవాని చేతిలో అధికారం ఉన్నపుడు ఏమవుతుందో ఈ ఉదాహరణ చూపుతుంది.

== ఆంధ్ర జాతీయ కళాశాల ==

1905లో బెంగాలు విభజనతో స్వదేశీ ఉద్యమం చెలరేగింది. మరుసటి ఏడాది కలకత్తాలో ఏర్పడిన జాతీయ విద్యామండలి, ప్రభుత్వం అదుపులో లేని, శాస్త్ర సాంకేతిక విషయాలను కూడా నేర్పే విద్యను కోరింది. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రదేశంలో పర్యటించి మచిలీపట్నంలో కూడా ఉపన్యసించాడు. ఆ ఉత్సాహంలో బందరులో ఒక జాతీయ విద్యాసంస్థను నెలకొల్పాలన్న సంకల్పం కలిగింది. దీనికి నడుము కట్టిన ముగ్గురు కోపల్లె హనుమంతరావు, కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు, వైద్యుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య. హనుమంతరావు న్యాయవాద వృత్తి అవకాశాన్ని వదులుకొని తన శేషజీవితాన్ని దీనికే అంకితం చేశాడు. చందాలు, విరాళాలు పోగుచేసి 1910 మార్చి 27న కళాశాలను ప్రారంభించారు.

పుస్తకాల చదువుతో పాటు వడ్రంగం, నేత, అద్దకం, యంత్రాల పని వంటివి కూడా బోధనలో భాగం కావాలన్నది స్థాపకుల ఆశయం. ఇంతకు ముందు చెప్పిన పద్ధతులతో పోలిస్తే ఇందులోని కొత్తదనం తెలుస్తుంది. యజమానికి రుసుము చెల్లించనక్కరలేదు. పిల్లవాడు ఏడేళ్ళు ఒక ఇంటి చాకిరికి కట్టుబడి ఉండనక్కరలేదు. అన్నిటికంటె ముఖ్యంగా, మగ్గం ఒక కులపు ఇంటి నుండి బడిలోని గదిలోకి వచ్చింది. సాలె ఇంట పుట్టనివాడు కూడా నేత నేర్చుకోవచ్చునన్నది ఆ రోజులలో సామాన్యమైన మాట కాదు.

ఆర్థికంగా మాత్రం ఇటువంటి సంస్థ నడవడం కష్టం. పనివాని కొట్టులో శిష్యుడు చేసిన వస్తువు అమ్ముడవుతుంది. ఆ ఆదాయంతోనే వాడి తిండి గడుస్తుంది. బడిలో నేర్చుకొనేవాడు పాడుచేసిన కొయ్య, నూలు, రంగు ఖర్చును దాత భరించాలి. దాత ఒకసారి ఇస్తాడు, నూలు ఖర్చు మాత్రం ప్రతినెలా ఉంటుంది. ఇంగ్లండులోని ధర్మసంస్థ ఆదాయం భూమిపై శిస్తుగా వచ్చేది. బందరులో అది చందాల రూపంలో, అంటే కార్యకర్త గుమ్మం గుమ్మం తిరిగినంతకాలమే వచ్చేది. పైగా జాతీయ కళాశాల చదువుకు ప్రభుత్వపు కొలువులలో విలువ లేదు. ఇంటికొక గుమాస్తా కావాలని ఎదురుచూసే తల్లిదండ్రులకు ఇది చిన్న అభ్యంతరం కాదు.

1921లో సహాయ నిరాకరణోద్యమం సందర్భంగా కళాశాలకు కొత్త ఊపు వచ్చింది. గాంధీ ఆ సంవత్సరం బందరు వచ్చినపుడు ఈ కళాశాలను సందర్శించాడు. బెజవాడలో అదే ఏడాది గాంధీకి జెండా నమూనా సమర్పించిన పింగళి వెంకయ్య (ఈయన స్వగ్రామం బందరుకు సమీపంలోని భట్లపెనుమర్రు) ఈ కళాశాలలో పనిచేసినవాడే. విశ్వనాథ సత్యనారాయణ ఇక్కడ ఉపాధ్యాయుడుగా ఉన్నాడు. 1920లలో బెంగాలు చిత్రకారుడు ప్రమోదకుమార చటర్జీ ఇక్కడ చిత్రలేఖనం నేర్పాడు. అడవి బాపిరాజు ఆయన శిష్యుడై, తరువాత 1930లలో ఈ కళాశాలకే ప్రధానాచార్యుడుగా పనిచేశాడు. ఇంతలో 1922లో హనుమంతరావు మరణం సంస్థకు తీరని లోటు అయినది.

ఈ కళాశాల పేరు చెప్పగానే నేడు గుర్తుకు వచ్చేవారు చిత్రకారులు, కవులు, దేశభక్తులు. ఇక్కడ రంపం పట్టినవాడు, మగ్గం ఎక్కినవాడు ఆ వరుసలో కనబడరు. కళాశాల ఆశయంలో సగం చేతిపని కాగా, దాని కీర్తి మాత్రం కలానికీ కుంచెకూ దక్కింది. తరువాతి కాలంలో అది సాధారణ డిగ్రీ కళాశాలగా మారింది.

== స్వాతంత్ర్యం తరువాత ==

1950లో కేంద్రప్రభుత్వం పారిశ్రామిక శిక్షణ పథకాన్ని ఆరంభించింది. ఐటీఐలు దాని ఫలితమే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 1850 నాటి చట్టం స్థానంలో వచ్చింది. దీని ప్రకారం శిష్యునికి కనీసం 14 ఏళ్ళు నిండాలి. అతనికి నెలనెలా భృతి చెల్లించవలసినవాడు యజమాని. పేదవాడి తరఫున యజమానికి సొమ్ము ఇచ్చే పాత పద్ధతి ఈ విధంగా తలక్రిందులైనది. అయితే ఈ చట్టం ప్రధానంగా కర్మాగారాలను ఉద్దేశించినది. పెడనలోని అద్దకపు షెడ్డు, చిలకలపూడిలో ఇంటి అరుగుపై చేసే గిల్టు నగల పని దీని పరిధికి చాలా దూరం.

డెల్టా దాతల ఔదార్యం మాత్రం ఆగలేదు; దాని దిశ మారింది. 1950లో ఏర్పడిన గుడివాడ కళాశాల, సమీపంలోని రామాపురంలో పుట్టిన సినీనటుడు అక్కినేని నాగేశ్వరరావు విరాళం కారణంగా ఆయన పేరు పొందింది. రైతు కుటుంబాలు కూడా తమ పిల్లలకు పట్టాలు కోరుకొన్నాయి, దాతలు కళాశాలలు కట్టించారు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించారు. ఆ తరువాత దేశవిదేశాల నుండి ధర్మసంస్థలు వచ్చి ముందుగా తిండి, బట్ట, ఇళ్ళు సమకూర్చాయి. నాగాయలంక, కోడూరు వైపు సముద్రతీరపు పల్లెలలో బాలుడు వేట నేర్చుకొనేది తండ్రి పడవపైనే. వల అల్లడం, పోటు పాట్లు గుర్తించడం, పాయ నుండి సముద్రంలోకి దాటే చోటు తెలుసుకోవడం అక్కడే. పడవ, వల, తండ్రి ఒకే రాత్రి పోయిన ఇంట బ్రతికి మిగిలిన పిల్లవానికి కొత్త ఇల్లు నీడనిస్తుంది గాని వేట నేర్పదు. అటువంటి ఇళ్ళకు పడవ ఇవ్వడంతో పాటు, ఆ పిల్లవానిని తన పడవ ఎక్కించుకొనే మనిషిని కూడా వెదకవలసి ఉంటుంది.

2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన తరువాత కూడా మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ మూడూ కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. బందరు కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు వస్త్రం పేరును కాపాడుతుంది. అచ్చు చెక్కేవానికి, అద్దేవానికి శిష్యులను సమకూర్చడం దాని పని కాదు.